మార్చి దాటాక టమాటా పూత ఎందుకు నిలవదు? ఖమ్మం అక్కకు జవాబు

ప్రశ్న: నమస్తే అన్నా. మాది ఖమ్మం. రెండంతస్తుల ఇంటి డాబా మీద ఇరవై లీటర్ల పెయింటు బకెట్లలో, కొన్ని నల్ల గ్రో బ్యాగుల్లో కలిపి పద్నాలుగు టమాటా మొక్కలు పెట్టాను. డిసెంబరు మొదట్లో నారు నాటాను, ఫిబ్రవరి అంతా ఇంటికి సరిపడా కాసింది. మార్చి సగం నుంచి పూత మొత్తం రాలిపోతోంది. ఆకులు దొప్పల్లా ముడుచుకుంటున్నాయి, ఒక రెండు మొక్కలకైతే చిగుళ్లు కూడా పసుపుగా చిన్నగా వస్తున్నాయి. ఉన్న కాయలకేమో అడుగున నల్లమచ్చ. మధ్యాహ్నానికి మొక్కలు వాలిపోతుంటే చూడలేక రెండు పూటలా నీళ్లు పోస్తున్నా. ఎరువుల షాపులో అడిగితే డీఏపీ వేయమన్నాడు, పేరు లేని సీసాలో ఏదో మందు పోసిచ్చి కొట్టమన్నాడు. మా ఆడపడుచు ఎప్సమ్ సాల్ట్ వేయమంటోంది. జూన్ దాకా కాయలు కోసుకోవాలని ఆశ. ఏం చేయమంటారు?

జవాబు: అక్కా, ముందు ఆ సీసా పక్కన పెట్టేయండి. పేరు, మోతాదు, కొట్టిన ఎన్ని రోజులకు కాయ కోయవచ్చు అనే మూడు సంగతులు రాసి లేని మందు ఏదైనా సరే, మీరూ పిల్లలూ తినే కాయల మీద పడకూడదు. పైగా మీ మొక్కలకు ఉన్న ఇబ్బందుల్లో చాలావాటికి ఏ మందూ పనిచేయదు, ఎందుకంటే అవి జబ్బులు కావు. మీరు రాసినదాంట్లో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పూత రాలడం ఒకటి, ఆకు ముడత ఒకటి, కాయ అడుగు నల్లబడటం ఒకటి, మధ్యాహ్నం వాలిపోవడం ఒకటి. షాపులో అన్నిటికీ కలిపి ఒకటే మందు ఇచ్చారంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

పూత సంగతి ముందు చెప్తాను, మీ ఆశంతా దాని మీదే ఉంది కాబట్టి. టమాటా పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. తేనెటీగ రాకపోయినా గాలికి పువ్వు కదిలితే చాలు, పుప్పొడి రాలి పిందె కట్టేస్తుంది. కానీ పగలు 35 డిగ్రీలు దాటుతూ, రాత్రి కూడా 22, 24 కంటే కిందికి దిగకుండా ఉంటే ఆ పుప్పొడి సరిగా తయారవదు, తయారైనా మొలకెత్తే బలం ఉండదు. పిందె కట్టని పువ్వును మొక్క ఎక్కువ రోజులు మోయదు, కాడ మధ్యలో చిన్న ముడిలాంటిది కనిపిస్తుంది చూడండి, అక్కడ పసుపెక్కించి రాల్చేస్తుంది. చాలామంది పగటి ఎండనే తిట్టుకుంటారు గానీ టమాటాకు రాత్రి వేడి కూడా అంతే పెద్ద దెబ్బ. పగలు 36 ఉన్నా రాత్రి చల్లబడే ఊళ్లో కాయ నిలుస్తుంది. మదనపల్లె చూడండి, సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, వేసవిలో కూడా రాత్రిళ్లు మన మైదానాల కంటే చల్లగా ఉంటాయి, అందుకే ఎండాకాలంలో రెండు రాష్ట్రాల మార్కెట్లూ ఆ వైపు నుంచి వచ్చే టమాటా కోసం ఎదురు చూస్తాయి. ఖమ్మంలో ఏప్రిల్ నెలాఖరుకు పగలు నలభై దాటుతుంది, రాత్రిళ్లు కూడా ఉక్కే. అదీ కాక మీరున్నది డాబా మీద. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పన్నెండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, అంటే మీ బకెట్ల దగ్గర రాత్రి వేడి కింద పెరట్లో కంటే ఎక్కువే.

ఇంకో విషయం, ఇది తెలిస్తే మీకు చాలా టెన్షన్ తగ్గుతుంది. పుప్పొడికి దెబ్బ తగిలేది పువ్వు విచ్చుకున్న రోజున మాత్రమే కాదు, అంతకు వారం పది రోజుల ముందు మొగ్గలో పుప్పొడి తయారయ్యే దశలో కూడా. కాబట్టి ఈరోజు రాలిన పువ్వు పోయిన వారం వేడికి రాలి ఉండొచ్చు. నిన్న మీరు వేసిన ఎరువు వల్ల ఈరోజు పూత నిలవదు, నిన్న నీళ్లు పోయడం కాస్త ఆలస్యమైనందుకే ఈరోజు ఇంత పూత రాలదు. ఏప్రిల్‌లో ఒక్కోసారి గాలివాన పడి రెండు మూడు రోజులు చల్లబడుతుంది కదా, దాని ఫలితం కూడా కొన్ని రోజుల తర్వాత గానీ పూతలో కనపడదు. అప్పటిదాకా ఓపిక పట్టడమే, రోజుకో మందు మార్చడం వల్ల మొక్క ఇంకా అలసిపోతుంది.

అందుకని నా సలహా ఇది. జూన్ దాకా కాయించాలన్న ఆలోచన వదిలేయండి. ఇప్పటి నుంచి ఏప్రిల్ రెండో మూడో వారం దాకా ఎన్ని పిందెలు నిలబెట్టగలమో అన్నీ నిలబెడదాం, నిలిచిన కాయను ఎండ నుంచి కాపాడి కోసుకుందాం, మే నెలలో టమాటాకు సెలవు ఇద్దాం. మైదాన ప్రాంతంలో డాబా మీద మే నెల టమాటా కోసం పడే కష్టమంతా బెండ మీద, గోరుచిక్కుడు మీద పెడితే బుట్టలకు బుట్టలు వస్తాయి.

ఇప్పుడు పూత నిలబెట్టడానికి చేతిలో ఉన్న పనులు. నీడ అన్నిటికంటే ముఖ్యం, కానీ అందరూ చేసినట్టు డాబా మొత్తం పచ్చ షేడ్ నెట్ కప్పేసి మర్చిపోవద్దు. టమాటాకు రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, రోజంతా నీడలో ఉంటే మొక్క సన్నగా సాగుతుందే తప్ప కాయదు. పొద్దున పదకొండు దాకా ఎండ పూర్తిగా తగలనివ్వండి, పదకొండున్నర నుంచి నాలుగున్నర దాకా మాత్రం నీడ ఉండాలి. అన్నిటికంటే తేలికైన దారి మీ మెట్ల గది. దానికి తూర్పు వైపు గోడ పక్కకు బకెట్లు జరపండి, మధ్యాహ్నం నుంచి గోడ నీడే పడుతుంది, రూపాయి ఖర్చు లేదు. అక్కడ పట్టనివాటికి నెట్ కట్టాలంటే 50 శాతం కంటే దట్టమైనది కొనొద్దు, 35 శాతం దొరికితే ఇంకా మంచిది. మొక్కల నెత్తి మీద ఆనేట్టు కాకుండా ఆరేడు అడుగుల ఎత్తులో కట్టండి, లేకపోతే వేడి గాలి కిందే నిలిచిపోయి నీడ ఉన్నా లాభం ఉండదు. పడమటి వైపు కూడా ఒక వాలు దించండి, ఎందుకంటే మూడు గంటల ఎండ పైనుంచి రాదు, పక్కనుంచి వస్తుంది. నెట్ కొనే లోపు పాత నూలు చీర కట్టినా పనవుతుంది.

నెట్ కింద గాలి తగ్గుతుంది కాబట్టి పొద్దున ఎనిమిది, పది మధ్య పూల గుత్తులను వేలితో మెల్లగా మీటండి, లేదా మొక్కకు కట్టిన ఊతకర్రను రెండు దెబ్బలు తట్టండి. పుప్పొడి పొడిగా ఉండి బాగా రాలేది ఆ వేళలోనే. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ మార్చి చివర్లో, పుప్పొడి కొంచెం కొంచెంగా తగ్గిపోతున్న రోజుల్లో, ఉన్న కాస్తను వృథా పోనివ్వకుండా చేస్తుంది. పూత నిలవడానికి ప్లానోఫిక్స్ లాంటి హార్మోను మందు కొట్టమని కొందరు చెప్తారు. అలాంటివాటితో కొంత పూత నిలవచ్చు, కానీ గింజ సరిగా కట్టని కాయ లోపల గుల్లగా ఊరుతుంది, పాళ్లు కాస్త ఎక్కువైతే ఆకు మెలితిరిగిపోతుంది. పొలం రైతు లెక్క వేరు, పద్నాలుగు బకెట్లకు అది అక్కర్లేదని నా అభిప్రాయం.

స్లాబు వేడి గురించి. బకెట్లు నేరుగా స్లాబు మీద ఉంటే ఈరోజే ఒక్కోదాని కింద మూడు ఇటుకలు పెట్టండి, కింద గాలి ఆడాలి. నల్ల గ్రో బ్యాగుల్లో వేళ్లు ఉడికిపోతాయి, మధ్యాహ్నం రెండింటికి బ్యాగు పడమటి వైపు చెయ్యి పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది. వాటి చుట్టూ గోనెసంచి చుట్టండి, లేదా తెల్ల సున్నం పూయండి, లేదా అన్నీ దగ్గర దగ్గరగా జరిపి ఒకదాని నీడ ఒకదానికి పడేలా పెట్టండి. పెయింటు బకెట్లు తెల్లవి కాబట్టి వాటికి పర్వాలేదు. మట్టి మీద రెండు మూడు అంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు గానీ పరవండి, కాండానికి మాత్రం ఆనకుండా ఒక వేలి వెడల్పు వదలండి. ఈ ఒక్క పనితో మట్టి తడి ఆరడం బాగా తగ్గుతుంది, పైపైన ఉండే సన్నవేళ్లు బతుకుతాయి. నీళ్లకు ఇబ్బంది లేకపోతే పొద్దు గూకాక బకెట్ల చుట్టూ స్లాబు మీద ఒక బకెట్ నీళ్లు చల్లండి, రాత్రి వేడి కాస్తయినా తగ్గుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు దానికి వాడుకోవచ్చు.

నీళ్లు పోయడం దగ్గరే మీ కాయల అడుగు నల్లమచ్చ కథ కూడా ఉంది. దాన్ని అందరూ కాల్షియం లోపం అంటారు, నిజమే, కానీ లోపం మట్టిలో ఉండటం అరుదు. కాల్షియం నీటితో పాటే మొక్కలోకి ఎక్కుతుంది. ఆకులు గాలికీ ఎండకూ నీళ్లు ఎక్కువ వదులుతాయి కాబట్టి ఎక్కువ లాక్కుంటాయి, కాయకు తక్కువ అందుతుంది, అందులోనూ కాయ చివరి అంచుకు ఇంకా తక్కువ. మట్టి ఒక పూట పూర్తిగా ఎండిపోయి ఇంకో పూట బురదైతే ఆ కాస్త అందడం కూడా మధ్యలో తెగుతుంది, పిందె దశలో అలా తెగిన చోటే కణాలు చచ్చి తర్వాత నల్లగా కనిపిస్తుంది. మీరు రెండు పూటలా పోస్తున్నారు, కానీ ఎంత పోస్తున్నారు? మగ్గెడు మగ్గెడు పోస్తే పై రెండు అంగుళాలే తడుస్తాయి, కింద వేళ్లున్న చోట పొడిగా ఉంటుంది. పొద్దున ఏడింటి లోపు అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా నిదానంగా పోయండి. కాపు మీద ఉన్న పెద్ద మొక్కకు ఇరవై లీటర్ల బకెట్లో ఈ ఎండలకు రెండు మూడు లీటర్లు పడుతుంది. సాయంత్రం వేలు రెండు అంగుళాలు దించి చూడండి, పొడిగా తగిలితేనే మళ్లీ పోయండి, తడి ఉంటే వదిలేయండి.

మధ్యాహ్నం వాలిపోవడం చూసి కంగారు పడొద్దు. ఎండ తీవ్రతకు వేళ్లు లాగే దానికంటే ఆకులు వదిలేది ఎక్కువవుతుంది, అందుకని కాసేపు వాలుతుంది, సాయంత్రం ఆరింటికి మళ్లీ లేచి నిలబడితే ఆ మొక్కకు ఏమీ కాలేదు. పొద్దున ఆరింటికి కూడా వాలే ఉంటేనే చూడాలి. అప్పుడు మట్టి పొడిగా ఉంటే దాహం, మట్టి తడిగా ఉండీ వాలిందంటే వేరు కుళ్లు గానీ ఎండు తెగులు గానీ అయి ఉంటుంది. మట్టి తడిగా ఉన్న మొక్కకు మధ్యాహ్నం జాలిపడి మళ్లీ నీళ్లు పోస్తే వేళ్లకు గాలి ఆడక నిజంగానే చస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట, డాబా మీద పైపులో నిలిచిన నీళ్లు, నల్ల ట్యాంకులోని నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. పైపు విప్పగానే వచ్చే మొదటి నీళ్లు ఖాళీ బకెట్లోకి వదిలి, చల్లబడ్డాక వాడుకోండి. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు మొక్కలకు వద్దు, దాంట్లో సోడియం పెరుగుతుంది. ఆర్ఓ మెషీన్ నుంచి బయటకు పోయే నీళ్లు కూడా కుండీలకు రోజూ పోయొద్దు, ఉప్పులు పేరుకుపోయి ఆకు అంచులు మాడతాయి. వాటిని స్లాబు చల్లబరచడానికి వాడేసుకోండి.

ఎరువుల దగ్గరికి వస్తే, డీఏపీ వేయకండి. కుండీలో ఉండే కొద్దిపాటి మట్టిలో, ఈ వేడిలో, ఆ గుళికలు వేళ్లను కాలుస్తాయి. దానిలోని నత్రజని అమ్మోనియా రూపంలో ఉంటుంది, అది మొక్క కాల్షియం తీసుకోవడాన్ని ఇంకా తగ్గిస్తుంది, అంటే నల్లమచ్చ పెరుగుతుంది. నత్రజని ఎక్కువైతే ఆకు గుబురు పెరిగి పూత ఇంకా రాలుతుంది కూడా. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం, కాల్షియం వేరు దగ్గర ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, కాబట్టి నల్లమచ్చకు అది వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. మీ ఆడపడుచుగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడితే అప్పుడు వాడొచ్చు, ఇప్పుడు మాత్రం వద్దు. గుడ్డు పెంకులు కూడా మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందవు, వచ్చే పంట కోసం దంచి కంపోస్టులో వేసుకోండి. మరీ ఎక్కువ కాయలు నల్లబడుతుంటే లీటరు నీటికి మూడు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి సాయంత్రం పూట ఆకులు, పిందెల మీద వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయొచ్చు, కానీ నీళ్లు సరిచేయకుండా అదొక్కటీ చేస్తే ఫలితం ఉండదు. నల్లబడ్డ కాయలు మొక్క మీద ఉంచొద్దు, కోసేయండి. మచ్చ ఉన్న ముక్క తీసేసి మిగతాది కూరలో వేసుకోవచ్చు, ఏమీ కాదు. ఏప్రిల్ సగం దాకా పదిహేను రోజులకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, దాంతో చిటికెడు వేపపిండి, లేదా బాగా పలచన చేసిన జీవామృతం చాలు. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు ఇప్పుడు వద్దు, ఈ వేడికి ఘాటు.

ఆకు ముడత దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మీరు రాసినదాంట్లో రెండు రకాలున్నాయి. కింది ముదురాకులు పైకి చుట్టుకుని, కాస్త మందంగా గట్టిగా తగులుతూ, రంగు మాత్రం పచ్చగానే ఉండి, పైన చిగురు మామూలుగా వస్తుంటే అది మొక్క తన తడిని కాపాడుకోవడానికి చేసే పని. దానికి మందు లేదు, అవసరమూ లేదు. మీ పన్నెండు మొక్కలది ఇదే అనుకుంటున్నాను. ఆ రెండు మొక్కల సంగతి వేరు. కొత్త చిగుళ్లే చిన్నగా, అంచులు పసుపుగా, ముడతలు పడి, మొక్క ఎదుగుదల ఆగి గుబురుగా తయారవుతుంటే అది ఆకుముడత వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది, ఎండలు ముదిరే కొద్దీ తెల్లదోమ పెరుగుతుంది. దీనికి విరుగుడు మందు లేదు, ఎవరైనా ఉందని అమ్మితే కొనొద్దు. నమ్మకం కుదరకపోతే ఆకు వెనక్కి తిప్పి చూడండి, తట్టగానే తెల్లగా సన్నని పురుగులు లేస్తే తెల్లదోమ ఉన్నట్టు. వైరస్ అని తేలితే తెల్లవారుజామున, దోమ ఇంకా చురుగ్గా లేని వేళ, మొక్క మీద పెద్ద ప్లాస్టిక్ కవరు బోర్లించి, కాండం కోసి, కవరు మూతి కట్టి బయట పడేయండి. జాలి చూపించి ఉంచుకుంటే మిగతా పన్నెండింటికీ అంటుకుంటుంది. ఆ మొక్కకు ఉన్న కాయలు తినొచ్చు, మొక్కల వైరస్ మనుషులకు సోకదు. మట్టి కూడా పారేయక్కర్లేదు, ఈ వైరస్ మట్టిలో బతకదు.

మిగతావాటికి పసుపు రంగు జిగురు అట్టలు మూడో నాలుగో మొక్కల ఎత్తులో వేలాడదీయండి. వేపనూనె వాడొచ్చు, లీటరు నీటికి 5 మి.లీ., దాన్ని నీటిలో కలపడానికి నాలుగు చుక్కల సబ్బు ద్రావణం, ఆకు అడుగు వైపు తడిసేలా, వారానికోసారి. కానీ పొద్దు వాలాకే కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే నూనె పొర మీద ఎండ పడి ఆకులు మాడిపోతాయి, తర్వాత ఆ మాడునే తెగులనుకుని ఇంకో మందు కొడతారు. ఆకు అడుగున సన్నటి సాలెగూళ్లలాంటి దారాలు, పైన దుమ్ము పట్టినట్టు పసుపు చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి, పొడి వేడికి బాగా పెరుగుతుంది. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు నుంచి నీళ్లు జోరుగా కొడితే చాలావరకు కొట్టుకుపోతుంది, ఎండెక్కేలోపు ఆకు ఆరిపోతుంది కూడా. నల్లికి గంధకం కొట్టమని చెప్తారు, చలికాలంలో అయితే సరే, ఇప్పుడు ఈ వేడిలో గంధకం ఆకును కాలుస్తుంది. కాయకు రంధ్రం కనిపిస్తే కాయతొలుచు పురుగు, ఆ కాయ కోసి లోపల పురుగుతో సహా నలిపేయడమే. పక్కన రెండు బకెట్లలో బంతి పెట్టుకుంటే ఆ తల్లి రెక్కల పురుగు గుడ్లు పెట్టడానికి బంతి పూల మీదికి కూడా పోతుంది, పొలాల్లో టమాటా మధ్య బంతి వరసలు వేసేది అందుకే.

ఈ నెలలో పక్క కొమ్మలు తీసేయడం, కింది ఆకులు ఒలిచేయడం ఆపండి. చలికాలంలో గాలి ఆడటానికి అది మంచిది, ఇప్పుడు ఆ ఆకులే కాయలకు గొడుగు. ఆకు లేని చోట కాయ భుజం మీద తెల్లగా కాగితంలాంటి మచ్చ పడుతుంది, అది ఎండదెబ్బ.

కాయ ఎప్పుడు కోయాలన్నది చాలామంది పట్టించుకోరు గానీ వేసవిలో సగం పంట దీనివల్లే దక్కుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడిలో కాయలో ఎరుపు రంగు సరిగా ఏర్పడదు, పసుపు రంగు మాత్రం ఏర్పడుతుంది, అందుకే ఇప్పుడు కాయలు నారింజ రంగు దగ్గర ఆగిపోయి మెత్తబడుతుంటాయి. పూర్తిగా ఎర్రబడేదాకా మొక్క మీద ఉంచితే ఎండదెబ్బ, పగుళ్లు, పిట్టలు, ఉడతలు అన్నీ తగులుకుంటాయి. కాయ అడుగున కాస్త గులాబీ రంగు తిరగగానే కోసి, ఇంట్లో నీడ పట్టున, ఫ్యాను గాలి తగిలే చోట వెదురు బుట్టలో ఒక వరసగా పరవండి. మూడు నాలుగు రోజుల్లో చక్కగా ఎర్రబడతాయి, రుచిలో పెద్ద తేడా ఉండదు. ఫ్రిజ్‌లో పచ్చివి పెట్టొద్దు, పండు రంగు తిరగదు. పిట్టలు ఎండాకాలం టమాటా పొడిచేది చాలాసార్లు దాహానికే, డాబా మీద ఓ మూల మట్టి మూకుట్లో నీళ్లు పెడితే కాయల మీద దాడి తగ్గుతుంది, వాటికీ పుణ్యం.

ఏప్రిల్ మూడో వారానికి కొత్త పిందెలు ఆగిపోతాయి. ఉన్న కాయలు దిగగానే మొక్కలు తీసేయండి. బాగా ఆరోగ్యంగా ఉన్న ఒకటి రెండింటిని సగానికి కత్తిరించి నీడలో బతికించుకుని జూన్ వానలకు మళ్లీ చిగురింపజేసేవాళ్లున్నారు, కానీ మే అంతా దాన్ని కాపలా కాయాలి, ఈలోపు అది తెల్లదోమకూ నల్లికీ ఇల్లవుతుంది. కొత్త నారే మేలు.

జూన్‌కి టమాటా కావాలన్న మీ కోరికకు ఇంకో దారి చెప్తాను. మార్చి, ఏప్రిల్‌లో ధర తక్కువగా ఉన్న రోజు చూసి మార్కెట్లో పది కిలోలు కొని, మీ కాయలు కూడా కలిపి, ఎండ బాగున్న రోజుల్లో నిల్వ పచ్చడి పెట్టేయండి, కొన్ని ముక్కలు కోసి ఉప్పు చల్లి ఒరుగులు ఎండబెట్టండి. జూన్, జూలైల్లో టమాటా ధర ఎక్కే సంవత్సరాల్లో అవే ఆదుకుంటాయి. 2023 జూలైలో కిలో వంద దాటిపోయినప్పుడు ఇంట్లో ఒరుగులు ఉన్నవాళ్లు ఎంత నిశ్చింతగా ఉన్నారో గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్, మే వేడికి ఎక్కడికక్కడ పూత రాలిపోవడం, వానాకాలం పంట ఇంకా చేతికి రాకపోవడం, ఆ రెండూ కలిసే చాలా ఏళ్లు ఆ నెలల్లో కొరత వస్తుంది.

ఖాళీ అయిన బకెట్ల మట్టిని మే ఎండకు శుద్ధి చేసుకోండి, ఖమ్మం ఎండకు అంతకంటే మంచి ఉపయోగం లేదు. పాత వేళ్లు ఏరేసి, మట్టి తడిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు కింద గాలి చొరకుండా అంచులు మూసేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచితే వేరుకుళ్లు శిలీంధ్రాలు, నులిపురుగులు చాలావరకు పోతాయి. నల్ల షీటు కాదు, పారదర్శకంగా ఉన్నదే కావాలి. సగం బకెట్లు ఇలా పెట్టి మిగతా సగంలో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి వేయండి. వంగ, మిర్చి మాత్రం ఆ మట్టిలో వెంటనే వద్దు, టమాటా కుటుంబమే కాబట్టి అవే తెగుళ్లు వస్తాయి.

మే చివర్లో, రోహిణి కార్తె నడుస్తుండగా, నీడలో నారు పోసుకోండి. నారు ట్రే మీద మొదటి రోజు నుంచే సన్న కన్నుల నైలాన్ దోమతెర కప్పండి, 40 లేదా 50 మెష్ అని అడిగితే ఇస్తారు. వైరస్ చాలాసార్లు నారు దశలోనే అంటుకుంటుంది, మనకు నెల తర్వాత తెలుస్తుంది. 25, 30 రోజుల నారును జూన్ చివర్లో, మొదటి వానలు పడి చల్లబడ్డాక, కింది ఆకులు తీసేసి కాండం సగం దాకా మట్టిలోకి పోయేలా నాటండి, కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి. రకం విషయంలో, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ ఆకుముడత వైరస్‌ను, ఎండు తెగులును, ఆకుమచ్చను తట్టుకునే హైబ్రిడ్, మీ డాబాకు అదే నా మొదటి సలహా. విత్తనం దాచుకోవాలంటే హైబ్రిడ్ పనికిరాదు, అదే సంస్థ అర్క వికాస్ వేసుకోండి, అది వేడిని కూడా బాగానే ఓర్చుకుంటుంది. ఒకటి రెండు బకెట్లలో చిన్న గోలీ టమాటాలు తప్పకుండా పెట్టండి. పెద్ద కాయ రకాలు పూత రాల్చేసే వేడిలో కూడా అవి ఇంకొన్ని రోజులు ఎక్కువ కాస్తాయి, చారుకు వాటి పులుపు కూడా బాగుంటుంది. వచ్చే ఏడు వేసవి కాపు కోసం మాత్రం డిసెంబరు మొదట్లో ఒక విడత, జనవరి మొదట్లో ఇంకో విడత నాటుకోండి, రెండో విడత మార్చి అంతా, ఏప్రిల్ మొదటి సగం దాకా మంచి బలంతో పూస్తుంది.

ఆ రెండు అనుమానం మొక్కల చిగురు ఫొటో, ఆకు వెనక వైపు ఫొటో పొద్దున వెలుతురులో తీసి పంపండి అక్కా. పీకేసే ముందే పంపండి, చూసి చెప్తాను. ఈలోపు ఇటుకలు, గడ్డి, మెట్ల గది నీడ, ఈ మూడూ ఈరోజు సాయంత్రమే చేసేయండి.